ఆరో అచ్చు

లుస్సోరియో నవ్వుతూనే ఉన్నాడు.

సొంత బాబాయ్ తల పగిలి చనిపోయి ఇరవైనాలుగు గంటలు దాటింది. ఆ రక్తం ఇంకా ఇతని గోళ్ళ సందుల్లో ఉంది. అయినా స్టేషన్లో నా బల్లకి అవతల కూర్చుని, పైపళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఇరవై ఒక్కేళ్ళవాడు. పెదవి కొసన చొంగ కారుతోంది. తుడుచుకుందామని చెయ్యెత్తాడు గానీ, ఆ చెయ్యి గడ్డం దాకా రాకుండానే గాల్లో టపటపా కొట్టుకుని మళ్ళీ ఒళ్ళో పడిపోయింది.

కిటికీకి అవతల పొగమంచు. మూడు రోజులుగా ఓర్గోరి ఊరంతా అందులోనే మునిగి ఉంది. రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు. ఇదంతా మెలకువలో జరుగుతోందా, కలలో జరుగుతోందా అన్నట్టుగా ఉంది.

సమయం ఎనిమిదీ పది. ప్రశ్నలు వేస్తున్నది కెప్టెన్ రవీజా. తూరిన్ నగరం మనిషి, మా సార్డీనియా దీవి కొండలకి వచ్చి మూడు నెలలు. వయసులో నాకంటే పదహారేళ్ళు చిన్న, హోదాలో నాకంటే పెద్ద. నేను ప్రియామో ఉసాయ్. ఈ పోలీసు స్టేషన్‌కి పదిహేడేళ్ళుగా మార్షల్‌ని, అంటే ఇన్‌ఛార్జిని.

"మీ బాబాయ్ మెల్కియోరిని కొట్టింది నువ్వేనా?"

"నే... నే."

"పాలు కలిపే తెడ్డుతోనా?"

"నేనే."

కెప్టెన్ నావైపు తిరిగాడు. "ఇంకేం కావాలి ఉసాయ్? ఒప్పుకుంటున్నాడు. పైగా పళ్ళికిలిస్తున్నాడు."

"నన్నొకటి అడగనివ్వండి సార్. ఒరే లుస్సో, పోయినేడాది చర్చి గంట పగిలిందే, ఎవరురా పగలగొట్టింది?"

"నేనే."

"మరి వరదకి వంతెన కొట్టుకుపోయిందే?"

కాసేపు ఆలోచించాడు. తలూపాడు. "నేనే."

"చూశారుగా. వంతెన కూడా ఇతని ఖాతాలోనే రాసేయండి."

కెప్టెన్‌కి మండింది. అతను నోరు తెరిచేలోగా నేను మెల్లగా ఇంకో ప్రశ్న వేశాను. "నిన్న పొద్దున్న కొండమీద గుడిసె దగ్గర మీ అన్న మౌరో ఉన్నాడా?"

"లేడు."

గంట కొట్టినట్టు చెప్పాడు. తడబాటు లేదు, నత్తి లేదు. ఆ నేనేలన్నీ ముద్దముద్దగానే వచ్చాయి. రెండు రోజుల్లో అతని నోట్లోంచి శుభ్రంగా బయటికొచ్చిన మాట అదొక్కటే. అది నా చెవిలో అలాగే ఉండిపోయింది.

"పూటుగా తాగి ఉన్నాడు," అన్నాడు కెప్టెన్. "వీళ్ళ నాన్న కూడా తాగే చచ్చాడటగా. ఒంటిగంటకి జీపెక్కించి జిల్లా జైలుకి తీసుకెళ్తాను."

"నిన్న తొమ్మిదింటికి శవం దగ్గరే పట్టుకున్నాం. అప్పట్నుంచీ పాలు, నీళ్ళు తప్ప చుక్క ఇవ్వలేదు. ఇరవైమూడు గంటలైనా దిగని సారా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నేనూ ఓ సీసా తెచ్చుకుంటాను."

లుస్సోరియోకి కాఫీ అందించాను. కప్పు నోటి దాకా చేరేసరికి సగం సాసర్లోకి, సగం చొక్కా మీదికి పోయింది. ఖాళీ కప్పు కొరుకుతున్నట్టు పళ్ళకి తగిలి చప్పుడు చేసింది. పెదాలు నవ్వుతున్నాయి గానీ కళ్ళు నవ్వడం లేదు. నీళ్ళు నిండి ఉన్నాయి. ఆ నవ్వు ఇతనిది కాదనీ, మొహం దానంతటదే అలా బిగుసుకుపోయిందనీ అప్పుడు తోచింది నాకు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. నేను ఈ ఊరొచ్చిన మొదటి ఏడు ఇతని తండ్రి ఆంతియోగో వీధిలో తూలుతూ నడుస్తుంటే పట్టుకుని, తాగుబోతని రాత్రంతా లోపలేశాను. అతనూ ఇలాగే నవ్వాడు. "తా...గ...లేదు" అని అతను పట్టుబట్టి చెబుతుంటే నేనూ నవ్వాను, ఊరూ నవ్వింది. మరుసటేడు చనిపోయాడు. ముప్పై నిండలేదు. ఆ రాత్రి ఇప్పటికీ నన్ను పీక్కుతింటోంది.

ఈసారి అలా జరగనివ్వకూడదనుకున్నాను. చేతిలో ఐదు గంటలు కూడా లేవు.

లుస్సోరియో కోటు జేబులు తిరగేశాను. ఒక గుడ్డమూటలో పదో పన్నెండో గోధుమ గింజలు. రాజధానికి వెళ్ళొచ్చిన బస్సు టికెట్లు రెండు, తేదీ పద్దెనిమిది రోజుల కిందటిది. గొర్రెల మంద విడిచి ఊరి పొలిమేర దాటని మనుషులు రాజధానికెందుకెళ్ళినట్టు?

తొమ్మిదిన్నరకి కొండమీద గొర్రెల దొడ్డి చేరాం. రాతి గుడిసె, పైన కొమ్మల కప్పు. గుమ్మం దగ్గర నా కానిస్టేబుల్ నిన్నట్నుంచీ కాపలా ఉన్నాడు. లోపల పుల్లటి పాల వాసన, చల్లారిన బూడిద. పొయ్యి మీద పెద్ద రాగి గంగాళం. పొయ్యిరాయి అంచుకి మెల్కియోరి తల తగిలిన చోట నల్లటి మరక. గోడవారగా వాలుబల్ల, దానిమీద చెక్క అచ్చుల్లో ఆరు చీజ్ ముద్దలు.

కెప్టెన్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "చూడ్డానికేముంది? మెల్కియోరి చీజ్ చేశాడు. వీడొచ్చాడు. గొడవైంది. కొట్టాడు."

"లెక్క చూద్దాం సార్. ఐదున్నరకల్లా పాలు పితకడం అయిపోతుంది. ఆరింటికి పాలు విరగడానికి మందు వేస్తారు. ఆరూ పదికి పక్క మంద కాపరి దారిన పోతూ మెల్కియోరి పాట విన్నాడు. అంటే అప్పటికి బతికున్నాడు. పాలు గడ్డకట్టడానికి ముప్పావు గంట. ఆ తర్వాత గడ్డని తెడ్డుతో చిదిపి, చేతుల్తో అడుగునుంచి పోగుచేసి అచ్చుల్లోకెత్తాలి. ఎంత లేదన్నా ఏడుంబావు అవుతుంది."

"అయితే?"

"ఇలా వంగండి."

మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. పాపం, ఇస్త్రీ ప్యాంటు. అచ్చుల్లోంచి కారిన తేట వాలుబల్ల మీదుగా వచ్చి నేలమీద చుక్కలు చుక్కలుగా పడింది. పొయ్యి దగ్గర్నుంచి పారిన రక్తం సన్నటి పాయగా అక్కడిదాకా వచ్చి ఎండిపోయింది. తెల్లటి చుక్కలు ఆ ఎండిన రక్తం మీద, పైన, గుండ్రంగా నిలిచి ఉన్నాయి. ఎక్కడా కలవలేదు.

"రక్తం ముందు పారింది," అన్నాను. "అది ఎండాక పైన తేట పడింది. ఈ చీజ్ అచ్చుల్లోకెత్తేసరికి మెల్కియోరి చనిపోయి అరగంటైనా అయి ఉంటుంది."

కెప్టెన్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "మీకు మతి పోయిందా? మనిషిని చంపి, శవాన్ని పక్కన పెట్టుకుని, తాపీగా చీజ్ చేసుకుంటూ కూర్చుంటాడా ఎవడైనా?"

"తూరిన్‌లో చెయ్యడు. ఇక్కడ చేస్తాడు. గంగాళంలో నూట ఇరవై గొర్రెల పాలు గడ్డకట్టి ఉన్నాయి. ఇంకో పావుగంట వదిలేస్తే పాడైపోతాయి. ఈ కొండల్లో పుట్టినవాడు పెళ్ళిపీటల మీంచైనా లేచొస్తాడు గానీ విరిగిన పాలని వదలడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. చంపినవాడు పనితెలిసిన కాపరి."

"మీవాడూ కాపరేగా!"

"వాడు కప్పు కాఫీ నోట్లో పోసుకోలేడు సార్. ఇందాక మీ కళ్ళముందే చూశారు. ఏడున్నరకి తన కొట్టు దగ్గర ఉన్నాడని రొట్టెలమ్మే ఆవిడ చెబుతోంది కూడా."

"ఆవిడ వాళ్ళ బంధువు. ఇక్కడ అందరూ అందరికీ బంధువులే. ఆ సాక్ష్యం మీరే ఉంచుకోండి."

ఆ మాటలో అబద్ధం లేదు. మాకు మేనరికాలు ఎక్కువ. ఆంతియోగో కూడా మేనమామ కూతుర్నే చేసుకున్నాడు.

నేను అచ్చుల మీదికి వంగాను. ఐదు ముద్దలు నున్నగా, అంచులు తీర్చినట్టు ఉన్నాయి. ఆరోది వంకర. పైన వేళ్ళు జారిన గుర్తులు, పక్కన ఒలికిన విరుగుడు. ఆఖరి అచ్చు దగ్గర ఆ చెయ్యి వణికింది. చేసిన పని అప్పుడు తలకెక్కి ఉంటుందనుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. మెల్కియోరి ప్రతి ముద్ద మీదా గోటితో శిలువ గీస్తాడు. పదిహేడేళ్ళుగా ఆయన చీజ్ తింటున్నాను, శిలువ లేనిది ఒక్కటీ చూడలేదు. ఈ ఆరింటి మీదా శిలువ లేదు.

"ఒంటిగంట," అన్నాడు కెప్టెన్ జీపు వైపు నడుస్తూ. "ఒంటిగంటా ఒక నిమిషానికి కూడా ఆగను."

గోధుమ గింజలు ఎవరివో మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. తొమాజా పెద్దమ్మకి ఎనభై నాలుగేళ్ళు. దిష్టి తగిలినవాళ్ళు ఆమె దగ్గరికెళ్తారు. గ్లాసుడు నీళ్ళల్లో గోధుమ గింజలు వేసి, మంత్రం చదివి, బుడగలు లెక్కపెడుతుంది. పదీ ముప్పావుకి నేను వెళ్ళేసరికి పొయ్యి ముందు కూర్చుని, నాకోసమే చూస్తున్నట్టు తలెత్తింది.

"రా నాయనా. ఇంతసేపు పట్టిందేం?"

"దారిలో కెప్టెన్ అడ్డం పడ్డాడు పెద్దమ్మా. లుస్సో జేబులో నీ గింజలు దొరికాయి."

"నెలైంది. మెల్కియోరి తీసుకొచ్చాడు. 'పిల్లాడికి ఎవరి కళ్ళో తగిలాయి, చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాడు' అని ఏడ్చాడు. గింజలేశాను. ఒక్క బుడగ రాలేదు. దిష్టి కాదని తెలిసిపోయింది."

"మరేంటి?"

ఆమె చమురుదీపం అందుకుని తన చెంప పక్కగా పట్టుకుంది. "మంత్రం చదివేప్పుడు దీపం ఇలా పక్కనుంచి పట్టి కళ్ళలోకి చూస్తాను. అప్పుడు కనపడింది. నల్లగుడ్డు చుట్టూ, అంచునే, సన్నటి ఉంగరం. బంగారం రంగు, అందులో కాస్త పచ్చదనం. గంగాళం తోమకపోతే అంచుకి పడుతుందే, ఆ రంగు." దీపం కింద పెట్టింది. "అలాంటి ఉంగరం నా జన్మలో ఇంకొక్కసారే చూశాను. వీళ్ళ నాన్న కళ్ళల్లో."

ఒక్క క్షణం బయటి పొగమంచంతా నా తలలోకి వచ్చి కూర్చున్నట్టయింది.

"అప్పుడే చెప్పలేకపోయావా పెద్దమ్మా?"

"చెప్పాను. వినేదెవరు? తాగుబోతుకి దీపమెందుకన్నారు. నువ్వూ అన్నావు." తిట్టలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. "అందుకే ఈసారి మెల్కియోరితో గట్టిగా చెప్పాను, ఇది నా గింజలకి లొంగేది కాదు, రాజధానిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని. ఉన్ని అమ్మడానికని ఊళ్ళో చెప్పి తీసుకెళ్ళాడు. పోయిన గురువారం ఉత్తరమొచ్చింది."

"ఏముంది అందులో?"

"మెల్కియోరికి చదువెక్కడిది? ఆ ఇంట్లో ఉత్తరాలు చదివేది మౌరో ఒక్కడే. 'ఏం లేదు బాబాయ్, నరాల బలహీనత, తాగుడు మానితే తగ్గుతుందట' అని చదివి వినిపించాడట. శనివారం మెల్కియోరి వచ్చి నాతో అదే అన్నాడు. నేనన్నాను, 'ఆ పిల్లాడు వాసన కూడా చూడని సారాని ఎలా మానతాడయ్యా? ఉత్తరం తీసుకురా, ఇంకొకళ్ళ చేత చదివిద్దాం' అని. సోమవారం పొద్దున్నే మౌరోని గట్టిగా అడుగుతానని వెళ్ళాడు." లోతుకు పోయిన కళ్ళు ఒత్తుకుంది. "ఆ సోమవారమే పోయాడు నాయనా. నా మాట వల్లే పోయాడు."

పదకొండున్నరకి స్టేషన్ ఫోన్లో ఆసుపత్రి దొరికింది. డాక్టరమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఉత్తరం నకలు ఆవిడ దగ్గరుంది.

"అతనింకా మాత్రలు మొదలెట్టలేదా?" అని ముందు ఆవిడే నన్ను గద్దించింది. "మనం తినే తిండిలో రాగి ఉంటుంది మార్షల్. ఒంటికి కావలసింది చిటికెడు. మిగతాది కాలేయం బయటికి తోసేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ తలుపు తెరుచుకోదు. ఏళ్ళ తరబడి పోగుపడుతుంది. ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్ళలో. చేతులు వణుకుతాయి, మాట ముద్దవుతుంది, మొహం నవ్వులో బిగుసుకుపోతుంది."

"ఆ రాగి గంగాళం వల్లేనా డాక్టరమ్మా?"

"గంగాళాన్ని ఆడిపోసుకోకండి. అందులో చేసింది మీరూ తింటున్నారు, మీకేమైంది? తప్పు ఒంట్లో ఉంది. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ రెండూ కలిస్తేనే వస్తుంది. కానీ మందుంది. రాగిని పట్టుకుని బయటికి లాక్కెళ్ళే మాత్రలున్నాయి. ఇప్పుడు మొదలెడితే చేతులు తిరిగి రావచ్చు, మాట రావచ్చు. ఇంకో రెండు నెలలు జైల్లో పెడితే మాత్రం నేనేం మాట ఇవ్వలేను."

ఉత్తరం రెండు పేజీలు. రెండూ చదివించుకుని, అక్షరం పొల్లుపోకుండా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ క్షణాన నాకు కావలసింది మొదటి పేజీయే. రెండోది రాస్తూనే ఉన్నాను గానీ మనసు మౌరో ఇంటి దారి పట్టేసింది.

పన్నెండూ ఇరవై. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు బల్లమీద మూతలతో ఉన్నాయి. కిటికీ పక్కన నల్లచొక్కా వేసుకుని మౌరో ఒక్కడే కూర్చున్నాడు. పాతికేళ్ళు. అందగాడు, తేనెరంగు కళ్ళు. వచ్చే నెలలో పెళ్ళి. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటనగా పేర్లు చదవడం కూడా అయిపోయింది.

"కూర్చోండి మార్షల్ గారూ. కాఫీ పక్కింటివాళ్ళు తెచ్చారు, ఇంకా వేడిగానే ఉంది." ఎంత చావైనా అతిథికి కాఫీ ఇవ్వకుండా ఉండరు మావాళ్ళు.

"లుస్సోని ఒంటిగంటకి తీసుకెళ్ళిపోతున్నారు," అన్నాను.

"ఏం చేస్తాం. వాడి బుద్ధి వాడి చేతిలో లేదు. పిచ్చాసుపత్రిలో పెడతారేమో కదా? ఉరి వెయ్యరుగా?"

"నిన్న నువ్వు గుడిసెకి వెళ్ళావా?"

"లేదు."

"ఇలాంటి 'లేడు' ఒకటి నేను పొద్దున్నే విన్నాను. మీ తమ్ముడు ఇంతకంటే బాగా చెప్పాడు." అతను తలెత్తలేదు. "ఏడూ ముప్పావు ప్రాంతంలో నువ్వు దిగొస్తున్నావు, వాడు రొట్టెలు పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాడు. దారిలో ఎదురుపడ్డారు. వాడు నిన్ను చూశాడు. పైకెళ్ళాక సంగతి వాడికి అర్థమైంది. మాట పెగలని మనిషి నీకోసం ఒక్క మాట పెగుల్చుకున్నాడు మౌరో. మిగతా అన్నింటికీ నేనే నేనే అన్నాడు."

మౌరో మొహం పాలిపోయింది.

"ఐదు అచ్చులు చక్కగా తీర్చావు. శిలువ ఎందుకు గీయలేదు?"

మౌరో చాలా నీరసంగా, ఎవరో మూడోమనిషి గురించి చెబుతున్నట్టు చెప్పాడు. "గీయబోయాను. చెయ్యి రాలేదు. ఆయన గీసే శిలువ కదా." మొహం చేతుల్లో కప్పుకున్నాడు. "తోశానంతే. చంపాలని కాదు. ఉత్తరమివ్వు, ఫాదర్ చేత చదివిస్తానన్నాడు. ఫాదర్‌కి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. ఆ పిల్ల వాళ్ళు పెళ్ళి ఆపేస్తారు. ఉత్తరం గురువారమే కాల్చేశానని చెబితే నా కాలర్ పట్టుకున్నాడు. తోశాను. లేవలేదు. గంగాళంలో పాలు... పాలు అలా ఉండిపోయాయి మార్షల్ గారూ."

"ఉత్తరం పూర్తిగా చదివావా?"

"మొదటి పేజీ చదివాను. వంశంలో వచ్చే జబ్బు అని ఉంది. ఆ మాట చాలు కదా, ఇంకా చదవడమెందుకు? రెండోది చూడకుండానే పొయ్యిలో పడేశాను."

ఎందుకో కాఫీ గుర్తొచ్చింది అతనికి. లేచి నాకు కప్పు అందించాడు. సాసర్లో కప్పు చిన్నగా గలగలలాడింది. భయంతో వణికే చెయ్యి వేరు. ఇది వేరు. మణికట్టు దగ్గర మొదలై వేలికొసల దాకా, ఒక లయలో వణుకుతోంది. పొద్దున్నే అలాంటి కప్పు చప్పుడు విన్నాను.

ఆరో అచ్చు మీద జారిన వేళ్ళు గుర్తొచ్చాయి. అది చేసిన పని తలకెక్కి వణికిన వణుకు కాదు.

"ఎన్నాళ్ళుగా వణుకుతోందిరా చెయ్యి?"

"ఏంటి? ఏం లేదు. నిద్ర లేక. ఓ నెలగా... పని ఎక్కువై."

"కిటికీ వైపు తిరుగు."

పొగమంచు అప్పుడే కాస్త విడింది. ఎండ పక్కనుంచి వచ్చి అతని మొహం మీద పడింది. తేనెరంగు కంటి అంచున, సన్నగా, బంగారం రంగులో ఉంగరం. అందులో కాస్త పచ్చదనం. ఎంత అందంగా ఉందో.

నోటుపుస్తకం తీసి రెండో పేజీ రాసుకున్న చోట తెరిచి అతని ముందు పెట్టాను. "ఈ ఇంట్లో ఉత్తరాలు చదివేది నువ్వేగా. ఇదీ చదువు. పైకే చదువు."

అతను చదివాడు. చిన్నప్పట్నుంచీ బాబాయ్‌కి చదివి వినిపించిన గొంతుతోనే మొదలుపెట్టాడు.

"రోగి తోబుట్టువులు పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా, వెంటనే పరీక్షకు రావలెను. లక్షణాలు మొదలుకాకముందే మాత్రలు వాడినట్లయితే వారు జీవితాంతం మామూలు మనుషుల వలెనే... పెళ్ళి చేసుకుని... పిల్లలతో..."

అక్కడ ఆగిపోయాడు. వీధి మలుపులో కెప్టెన్ జీపు హారన్ మోగింది. గడియారం ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఆ జీపు ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తుంది," అన్నాను. "ఇద్దరికి చోటుంది."

మౌరో వినలేదు. చదవడం మానేసి, పుస్తకం పట్టుకున్న తన చేతిని చూసుకుంటున్నాడు.